సున్నం కింద డొల్ల

గౌరీ,

క్లాసులో శ్లాబు పెచ్చు ఊడి నీ తల మీద పడి, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. దానికి బడివాళ్లు చేసిందల్లా శ్లాబుకి సున్నం కొట్టడం. నీ బెంచీ అక్కడే ఉంది. దాని మీద మేమెవరం కూర్చోం.

పొద్దున కొత్తగా చేరిన సాలూరు అమ్మాయి నేరుగా వెళ్లి అక్కడే కూర్చుంది.

"లెగే! అక్కడ కూకోకు!" అని అరిచాను.

"ఏటైందక్కా? కొత్తగా సున్నమేసినారు కదా," అని నవ్వింది.

మన హాస్టలు గదిలో మంచాలు వేసే ముందు నువ్వు చీపురుకర్రతో శ్లాబంతా తట్టేదానివి. "డొల్లగా మోగితే మంచం లాగీయే," అనేదానివి. క్లాసులోనూ తట్టబోతే మాస్టారు కసిరి కూర్చోబెట్టారు.

నేను బూజుకర్ర పట్టుకుని నీ బెంచీ ఎక్కి తట్టాను. డొల్ల. తెల్లటి పొడి ఆ పిల్ల జడ మీద రాలింది. దాని నవ్వు ఆగిపోయింది.

అప్పుడే మాస్టారొచ్చి చెయ్యి చాచారు. తిడతారనుకుంటూ కర్ర ఇచ్చాను. ఆయన తన కుర్చీకి పైన తట్టారు. కిటికీ పక్కన తట్టారు. ఎక్కడ తట్టినా అదే చప్పుడు.

"పుస్తకాలు అక్కడే ఒగ్గీండి. గోడ వారగా నడిసి బయటికెళ్లిపోండి," అన్నారు గొంతు తగ్గించి.

బయటికొచ్చాక మమ్మల్నెవరినీ మళ్లీ లోపలికి పోనివ్వలేదు. ఆయనొక్కరే వెళ్లి నీ బెంచీ ఈడ్చుకొచ్చి ఆరుబయట వేశారు. సాలూరు పిల్ల నా మొహం వైపు చూసింది.

"ఇప్పుడు కూకోయే," అన్నాను.