కౌసర్ గ్లాసు

18 నవంబరు 2024, సోమవారం

బడికి పిలిచారు. ఐదో తరగతిలో ఒకరిని పిల్లల లీడరుగా ఎంచాలట. ప్రొద్దుటూరులో మూడు రోజుల ట్రైనింగు, ఒక బ్యాడ్జి. కొడుకు తుమ్మలపల్లె మైనులో షిఫ్టులకు పోతాడు కాబట్టి బడి కమిటీలో నా పేరు రాశారు. సంతకం పెట్టడమే తప్ప నేను నోరు తెరిచింది లేదు.

మనవడు పవన్ పోటీలో ఉన్నాడు. కోడలు వనజమ్మ స్పీచి బట్టీ పట్టిస్తోంది. బళ్లో మొద్దు మాదిరి కూచోవద్దు మామా, మనోని గురించి ఒక మాట చెప్పు అంది.

20, బుధవారం

ప్రమీలమ్మ టీచరు స్పీచులు వద్దంది. అరిచేటోళ్లే లీడర్లయితే ఊర్లో ఉండేటోళ్లు చాలు గదప్పా అని నవ్వింది. పోటీలో ముగ్గురు. ముగ్గురి పేర్లతో మూడు స్టీలు గ్లాసులు పెట్టించింది. తక్కిన పిల్లలకు తలా ఒక శెనక్కాయ. కింద పడి దెబ్బ తగిలితే ఎవరి దగ్గరికి పోతారో వాళ్ల గ్లాసులో వేయమంది. నన్ను కాపలా పెట్టి, అన్నాలయ్యాక లెక్క అంది.

ముగ్గురిలో కౌసర్ గ్లాసే అంచుదాకా నిండింది. టైలర్ మహబూబ్ బాషా కూతురు. నా మాదిరే మాట తక్కువ.

అన్నాల వేళ ఒకటో తరగతి పాప గుడ్డును మట్టిలో పడేసుకుని ఏడ్చింది. కౌసర్ వచ్చి తన గ్లాసులోంచి గుప్పెడు కాయలు తీసి ఇచ్చింది. ఇంకొందరు చేతులు చాపారు. వాళ్లకూ ఇచ్చింది. నా వైపు చూసి, నాకు ఏసినేటివి నావే గదా తాతా అంది.

తల ఊపాను. ఎందుకు ఊపానో నాకు తెలుసు.

లెక్క పెడితే పవన్‌కు పదకొండు, ఐశ్వర్యకు ఆరు, కౌసర్‌కు మూడు. సరేనా ఆదినారాయణప్పా అంది టీచరు. సంతకం పెట్టాను.

21

పవన్ గెలిచాడని వనజమ్మ తీపి ఓళిగలు చేసింది. నా వంతు పవన్‌కే పెట్టేశాను.

22, శుక్రవారం, పొద్దున ఏడు

లీడరు పేరు రాసిన ఫారం ఈ రోజు మండలాఫీసుకు పోతుంది. ఒళ్లు బాగాలేదని పడుకుంటే సరి. అరవై ఎనిమిదేళ్లుగా అట్లే పడుకున్నాను.

రాత్రి

పోయాను. గుమ్మం బయట చెప్పులు విడిచి నిలబడ్డాను. నిండిన గ్లాసులోంచి కాయలు కౌసర్ పంచిపెట్టింది, నేను చూస్తా ఊరకుండినాను అన్నాను. అంతే.

టీచరు ఫారం బయటికి తీసింది. మొన్ననే చెప్పింటే పిల్లోనికి ఆశ పెట్టకపోదుము గదప్పా అంది. నిజమే. పవన్ పేరు కొట్టేసి కౌసర్ అని రాసింది. పక్కన మళ్లీ సంతకం పెట్టించుకుంది.

ఇంటికొచ్చి చెప్పాను. నేను ఈ ఇంటికొచ్చి పన్నెండేండ్లాయె, నువ్వు నోరు తెరిచింది మనోని నోరు కొట్టేకా మామా అంది వనజమ్మ. పవన్ తన పుస్తకాలు తీసుకుని లోపలికి పోయాడు. అదే కష్టంగా ఉంది.

25, సోమవారం

వాడు నా పక్కన పడుకోవడం మానేశాడు.

30, శనివారం

ట్రైనింగు అయి కౌసర్ నిన్న వచ్చిందట.

సాయంత్రం పవన్ సైకిలు మీద నుంచి పడ్డాడని ఎవరో చెబితే పోయాను. మోకాలు చీరుకుపోయింది. వాడు ఇంటి దారి పట్టలేదు. మహబూబ్ బాషా అంగడి మెట్టు మీద కూర్చున్నాడు. కౌసర్ చెంబుతో నీళ్లు పోసి కడుగుతోంది.

వాడు నన్ను చూడకముందే తిరిగి వచ్చేశాను.