చెల్లి ఆర్పిన మంట

అమ్మకు నీ పెద్దకొడుకు నమస్కరించి రాసేది.

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మన వంటింటి కుళాయి కారడం మానేసింది. బాగుచేసింది నేనే. ఇప్పుడు కారడమే కాదు, నీళ్ళు రావడం కూడా మానేసింది. ఇది తప్ప అందరం కులాసా. నీ మోకాలి నొప్పి తగ్గిందని తమ్ముడన్నాడు. వాడి మాట నమ్మను, నువ్వే రాయి.

"చెల్లికి పెద్ద కుర్చీ వచ్చిందా?" అని అడిగావు. దాని కాలేజీలో ప్రాచీన చరిత్ర శాఖకు పెద్దగా వేస్తారన్నారే, అదేగా? చెప్తాను, తొందరపడకు.

చెల్లికి పేరు తెచ్చిన పుస్తకం గుర్తుందిగా? దిబ్బ తవ్వి, అడుగున మోకాలి లోతు బూడిద చూసి, ఆ పాత పట్టణాన్ని శత్రువులు తగలబెట్టారని రాసింది. పిల్లల పాఠాల్లోకి కూడా ఎక్కింది. మొన్న ఆ పక్కనే మళ్ళీ తవ్వితే కుండలు కాల్చే బట్టీలు బయటపడ్డాయట, వరసగా. బూడిదంతా వాటిలోంచి తోడిపోసిందే. ఆ సంగతి అప్పటికింకా బయటికి పొక్కలేదు. కుర్చీ ఎవరికివ్వాలో తేల్చే పెద్దలు సభ పెట్టి, చెల్లిని ఆ పుస్తకం గురించే మాట్లాడమన్నారు.

వేదిక వెనకాల దాని చెవిలో ఊదాను: "ఇవాళ నోరు మూసుకోవే. కుర్చీ చేతికొచ్చాక చెప్దువుగాని."

"నీ షెడ్డులో పాత బండికి రంగేసి కొత్తదని అమ్ముతావా అన్నయ్యా?"

"అమ్ముతాను."

"తెలుసు. అందుకే నిన్ను సలహా అడగలేదు."

వెళ్ళి మైకు ముందు నిలబడింది. "ఆ పట్టణం తగలబడలేదు. పొరపాటు నాది" అంది. చేతిలోని కుండపెంకును అందరికీ కనబడేలా పైకెత్తిందమ్మా. వేల ఏళ్ళ కిందటి మంటను నీ కూతురు ఒక్క మాటతో ఆర్పేసింది. ఉత్తపుణ్యానికి నింద మోస్తున్న ఆ శత్రువులెవరో, పాపం, ఇన్నాళ్ళకు నిర్దోషులయ్యారు. చిన్నప్పుడు దాన్ని 'పెంకుల పంతులమ్మ' అని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ ఆ పేరే గొప్పగా చెప్పుకుంటున్నాను.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కుర్చీ మాత్రం ఇంకొకాయనకు పోయింది. నేను పళ్ళు కొరుకుతుంటే అది నవ్వింది: "తవ్వేదానికి కుర్చీ ఎందుకన్నయ్యా? ఎలాగూ గొంతుక్కూర్చోవడమేగా."

ఉత్తరం మడిచి, మళ్ళీ విప్పాను. అది అంతమంది ముందు తన తప్పు ఒప్పుకుంటే, నేను కన్నతల్లికి కట్టుకథ రాయడమేమిటి? హాలంతా లేవలేదమ్మా. నాలుగు దగ్గులు, కుర్చీలు జరిపిన చప్పుడు, అంతే. లేచింది నేనొక్కణ్ణే. అరచేతులు మండేదాకా కొట్టాను. అది సిగ్గుపడి, కూర్చోమని సైగ చేసింది.

కూర్చోలేదు.

ఇట్లు,
ఇంకా నిలబడే ఉన్న
నీ పెద్దకొడుకు