మూడేళ్ల చప్పిడి కూర

సుబ్బులూ, చివరి మూడేళ్లు నువ్వు నాకు ఉప్పు లేని కూరే పెట్టావు. అందుకే నీతో మాటలు మానేశాను. నువ్వు పోయాక కోడలి కూరా చప్పగానే ఉంటే, నువ్వే నేర్పిపోయావనుకున్నాను.

మార్కాపురం డాక్టరు రక్తపరీక్ష చూసి, "నీ ఒంట్లో జింకు తగ్గింది పెద్దాయనా. కణం నుంచి కణానికి కబురు మోసేవాటిల్లో అదొకటి. తగ్గితే నాలుకకు రుచి తెలీదు," అన్నాడు.

"జింకు మొక్కజొన్నకు ఏసే మందు గదా! ఈ మాట నిన్ను నా కోడలు చెప్పమందా ఏంది?" అన్నాను.

అనుమానంగానే నెలపాటు మాత్రలు మింగాను. నిన్న కూరలో ఉప్పు తగిలింది. కోడలిని నిలదీస్తే, "ఎప్పుడూ ఏసేంతే ఏసినా మామా," అంది.

దాని మాట నేను నమ్మను. నువ్వు చెప్పు. ఉప్పు వేసే ఉంటే, మాటలు మానేసిన నన్ను మూడేళ్లలో ఒక్కసారైనా ఎందుకు తిట్టలేదు? ఆదివారం నీ సంవత్సరీకం. నేను విస్తరి ముందు కూర్చునేలోపు జవాబు కావాలి.