గోడ దిగి మగ్గమెక్కిన బాక్సరు

హిందూపురం,
గురువారం సాయంత్రం.

పద్మక్కకు నీ తమ్ముడు శీనడు చేతులెత్తి మొక్కి రాసే సంగతులు. నేను ఇక్కడ బాగున్నాను. నువ్వూ, బావా, అవ్వా అక్కడ బాగున్నారనుకుంటాను. నాయన ఎలా ఉన్నాడని అడగను, ఆ సంగతి నువ్వే రాశావు. ఈ ఉత్తరం ముందు నువ్వొక్కదానివే చదువు. నాయన పక్కనుంటే, తమ్ముడు బాగున్నాడంట అని చెప్పి మడిచి దాచిపెట్టు.

అమావాస్య పోయాక ముదిగుబ్బ నుంచి ఎవరో వచ్చి మన మగ్గం ఊడదీసుకుపోతారని రాశావు. ఆ మనిషిని ఆపు. ఎందుకో ఈ కాగితం అయిపోయేలోపల చెబుతాను. నేరుగా చెప్పే ధైర్యమే ఉంటే ఎనిమిది నెలల కిందటే చెప్పేవాణ్ని. ఫోను చేద్దామని రెండుసార్లు ఎస్టీడీ బూతు దాకా పోయి తిరిగొచ్చాను. మన వీధికంతా ఫోను ఉండేది మనకు పట్టు ఇచ్చి నేయించుకునే శావుకారు అంగట్లోనే కదా, మోగితే ఎత్తేది ఆయనే. ఇది ఆయన చెవిన పడాల్సిన మాట కాదు.

మండీలో పని బాగానే ఉంది. చింతపండు బస్తాలు దింపడం, తూకానికి పెట్టడం, మళ్ళీ లారీకి ఎత్తడం. పక్కనే మిరపకాయల మండీ కాబట్టి పొద్దుగూకేదాకా దగ్గుతూనే ఉంటాము. మేస్త్రీ సగం తిట్లు కన్నడంలో తిడతాడు. అర్థం కాని తిట్టుకు కోపం రాదు, అదొక సుఖం. హోటల్లో రాగిముద్ద పెడతారుగానీ పులుసు తియ్యగా ఉంటుంది. ఎవరైనా ఈ వైపు వస్తుంటే శెనక్కాయల పొడి కొంచెం పంపు, కారం ఎక్కువ వెయ్యి. చేతులు మాత్రం గోనెపట్టలాగా అయ్యాయి. మొన్న బజారులో ఒకామె పట్టుకొంగు నాకు తగిలితే, వేలికి పోగు చిక్కుకుని వచ్చింది. ఆమె నన్ను ఎట్లా చూసిందో రాయను. పదేళ్ళు పట్టు ముట్టిన వేళ్ళక్కా ఇవి. అయినా నేను బాగున్నాను, నువ్వు దిగులు పెట్టుకోవద్దు.

కువైట్ పోయినవాళ్ళు కూడా రెండేళ్ళకోసారి ఇంటి మొహం చూస్తారు. నేను ప్యాసింజరు ఎక్కితే పెనుకొండ దాటి మధ్యాహ్నానికి ధర్మవరంలో మన ఇంట్లో ఉంటాను. అయినా రాలేదు. పనెక్కువ, సెలవియ్యరు అని నీకు ఇన్నాళ్ళూ రాసిందంతా అబద్ధం. ఆదివారాలు మండీ మూసే ఉంటుంది.

నా గదిలో ఖాదరన్న ఉన్నాడని రాశాను గదా, పెనుకొండ మనిషి, ఫొటోలకు ఫ్రేములు కట్టే అంగట్లో పని. మంచివాడు. ఎప్పుడో అన్నం తింటూ, నాకొక బాక్సింగ్ సినిమా పోస్టరు ఉండేదన్నా అని నోరు జారాను. ఆ మాట పట్టుకుని పోయిన వారం పాత కాగితాలవాడి దగ్గర వెతికి, అదే సినిమా, అదే పోస్టరు, మడతలు పోకుండా గొట్టం చుట్టి తెచ్చాడు. చేతిలో మేకులు, సుత్తి.

“ఏమప్పా శీనా, యాడ కొట్టమంటావు?”

“ఈడ వద్దులే ఖాదరన్నా.”

“ఏం, నీకిష్టమని తెస్తే? బొమ్మ లేక గోడ బోసిగా ఉండాది.”

వినలేదు. నా మంచం ఎదురుగానే కొట్టాడు. ఎర్ర గ్లవుజులు మొహానికి అడ్డం పెట్టుకుని బాక్సరు, వాచిపోయి సగం మూసుకున్న ఎడమ కన్ను. కూడు తింటుంటే ఆ కన్నే చూస్తుంది. నీకు జ్ఞాపకం ఉంది కదా.

ఆ సినిమా నాకు నాయనే చూపించాడు. హిందూపురానికి ఏదో పని మీద తీసుకొచ్చి, రైలుకు టైముందని హాల్లో కూర్చోబెట్టాడు. ఇంగ్లీషు సినిమా, అదీ రెండో భాగం. మొదటి భాగం మనూళ్ళకు రానే లేదు. మాటలేవీ తెలియలేదు. మొదటిసారి ఓడిపోయినవాడు మళ్ళీ బరిలోకి దిగుతున్నాడని మాత్రం తెలిసింది. నిద్రపోయాడనుకున్న నాయన బయటికొచ్చాక అన్నాడు: “ఓడినోడు మళ్ళా లేచి వచ్చినాడంటే, ఇంటికాడ వానికి కూడు పెట్టినోళ్ళు ఉండారని.” ఆ రోజు ఆ మాట నాకు ఎక్కలేదు.

తర్వాత ఆ సినిమా ధర్మవరం వచ్చినప్పుడు, పోస్టర్లు అంటించేవాడి వెంట వారం రోజులు గంజి బకెట్టు మోసి ఒకటి సంపాదించాను. మన గోడ చెమ్మకు పాడవుతుందని, పడుగుకు పెట్టే గంజితోనే మందం అట్టకు అంటించి మగ్గానికి ఎదురుగా తగిలించాను. ఆ ఇంట్లో దారం మొదలుకొని దీపం దాకా అన్నీ మగ్గానివే. నాదంటూ ఉన్నది ఆ బొమ్మ ఒక్కటే.

హంసల అంచు డిజైను వచ్చినప్పుడు ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మగ్గం నెత్తిన తిరిగే చిల్లుల అట్టలు, వాటిని బట్టే కదా అంచులో బొమ్మ పడేది, పన్నెండు తక్కువ పడ్డాయి. శావుకారు తొందర. నేను బజారు పోయి వచ్చేసరికి నాయన నా పోస్టరు దించి, అట్టతో సహా ముక్కలు కోసి, చిల్లులు కూడా కొట్టించుకొచ్చాడు. బాక్సరు పన్నెండు పీలికలై నేల మీద ఉన్నాడు.

“నన్ను ఒక మాట అడగకూడదా నాయనా?”

“అట్ట అట్టేరా. గోడకుంటే యేమొస్తాది, మగ్గానికుంటే చీరన్నా వస్తాది. కూసోని కుట్టు.”

కుట్టాను. అట్టలు వరసగా దండ కుట్టేది ఎప్పుడూ నేనే కదా. పదకొండు సరిగ్గా, బొమ్మ లోపలికి వచ్చేటట్టు కుట్టాను. వాచిన కన్ను ఉన్న అట్టను మాత్రం తిరగేసి, బొమ్మ బయటికి పెట్టి కుట్టాను. చేయి తప్పి కాదక్కా, కావాలని. తిరగేస్తే చిల్లులు ఎడమవి కుడికి పోతాయని, ప్రతి హంస మెడ మీదా అడ్డంగా ఒక గీత పడుతుందని తెలిసే చేశాను. అత్త మీద కోపం దుత్త మీద చూపడం అంటే ఇదే.

మొదటి హంసలోనే దొరికిపోతుంది, నాయన నాలుగు తిట్టి విప్పిస్తాడు, నేనూ నాలుగు అంటాను అనుకున్నాను. మన మగ్గం మీద చీర మొహం కిందికి ఉంటుంది, గుంటలో అద్దం పట్టి చూస్తేగానీ బుటా తెలియదు. చిన్నప్పటి నుంచి ఆ అద్దం పట్టేది నేను. మొదటి హంస పడకముందే, రెండో రోజే ఆ బొమ్మ మీదే గొడవపడి రైలెక్కాను. అద్దం పట్టే మనిషి లేడు. నాయన నిన్నూ పిలవలేదు, ఆయన మంకు నీకు తెలుసు. ఒకే పడుగు మీద వరసగా మూడు చీరలు నేశాడు. కోసి మడత పెట్టినాకగానీ ఎవరూ చూడలేదు. ప్రతి హంసకూ మెడ తెగింది.

మూడూ తిప్పికొట్టారని, నలుగురి ముందూ శావుకారు అడిగితే “నా కండ్లు పోయినాయప్పా” అని నాయన తలొంచుకున్నాడని నువ్వు రాశావు. ఇరవై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి ఇప్పుడు వేరేవాళ్ళింట్లో కండెలు చుడుతున్నాడని రాశావు. అయ్యో, తన కళ్ళు పోయాయని ఆయన నమ్మేటట్టు చేసింది నేనే కదా అని ఏడ్చాను. ఆ ఉత్తరం మళ్ళీ చదివాను. కింద ఇంకో మాట రాశావు, రాసినట్టు నీకు గుర్తుందో లేదో. అవ్వ రవికెకు గుండీలు కుట్టాలంటే, సందెవేళ సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నాయనేనని.

కళ్ళు పోయినవాడు సందెవేళ సూదిలో దారం ఎక్కిస్తాడా?

పైగా ప్రతి హంసకూ ఒకే చోట గీత పడితే అది చేతి తప్పు కాదు, కంటి తప్పూ కాదు, అట్ట తప్పు. మన వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. శావుకారు నేసినవాడు కాదు కాబట్టి నమ్మాడు. నాయన తలెత్తి పైకి చూసి ఉంటాడు. పైన ఆ కన్ను కనబడి ఉంటుంది. అట్టలు కుట్టింది ఎవరో ఆయనకు ఒకరు చెప్పాలా?

కావాలని చీర చెడగొట్టాడని తెలిస్తే ధర్మవరంలో నాకు పడుగు ఇచ్చేవాడు పుట్టడు. అందుకని తన కళ్ళ మీద వేసుకున్నాడు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ఎనిమిది నెలలు ఆయన మీద కోపాన్ని పప్పన్నంలాగా తిన్నాను, ఆయన అక్కడ కూర్చుని నా కోసం గుడ్డివాడయ్యాడు. ఇదేం న్యాయమక్కా, అడగకుండా నా బొమ్మ కోశాడు, అడగకుండా నా తప్పూ తీసుకున్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానని నువ్వంటావు, అను. ఆదివారం ప్యాసింజరులో వస్తున్నాను. ఆ అట్టను ఎవరూ ముట్టుకోవద్దు, నేనే విప్పి నేనే తిప్పి కుడతాను. ఈ చేతులు ఇక పట్టుకు పనికిరాకపోవచ్చు, అట్టలు కుట్టడానికి చాలు.

అవ్వ కాళ్ళకు మొక్కానని చెప్పు. బావకు నమస్కారాలు. చిన్నదానికి ముద్దులు. నాయన దీవెన అడగడానికి నాకు మొహం లేదు, ఆయన ఇస్తే తీసుకుంటాను.

మొదట్లో ఈ ఉత్తరం దాచమన్నాను. దాచొద్దు. నాయనను వెంటబెట్టుకుని శావుకారు అంగడికి పో. నలుగురూ ఉన్న వేళ చూసి శావుకారు చేతికే ఇవ్వు, పైకి చదవమను. నాయన లాక్కోబోతాడు, లాక్కోనీయొద్దు.

నీ తమ్ముడు,
అట్ట తిరగేసి కుట్టిన
శీనడు