నూట పన్నెండో పేజీలో మా ఇల్లు

సంపాదకులు ఇవాకిరి గారికి,

చూరు కింద ముల్లంగులు ఎండగట్టే చలి మొదలైంది. మీరు కులాసా అనుకుంటాను. నేను కాదు.

మీరు అచ్చేసిన నవల చదివాను. డెబ్భై అంతస్తుల టవరు, అందులో కటువైన మాట నిషేధం. నిప్పంటుకుంటే గంట కూడా "వీలు చూసుకుని కాస్త బయటికి విచ్చేస్తారా" అంటుంది. ఎవరూ కదలరు, అంతా బూడిద. బాగానే ఉంది. కానీ నూట పన్నెండో పేజీలో ఆ టవరు లేచింది మా యానకా పేట మూడో సందులో, నూతి పక్కన. అది నా ఇల్లండీ! వడ్రంగి అయిన మా ఆయన తన చేత్తో కట్టింది.

ఇక్కడ నిజం టవరు కడతామని ఒక కంపెనీ రెండేళ్లుగా నా గుమ్మం అరగదీస్తోంది. తొమ్మిది ఇళ్లవాళ్లు సంతకాలు పెట్టేశారు, అడ్డం నేనొక్కదాన్నే. అలాంటి ఇంటిని మీరు ఒక్క వాక్యంతో కూల్చారా? పశువుల కొట్టం వేసేవాడైనా ముందు ఇరుగుపొరుగుకి తువ్వాలిచ్చి, చప్పుడు ఓర్చుకోమని తలవంచుతాడు. మీ తువ్వాలేదీ?

కోపంతో,
మొమోసె షిజుయె

తా.క. ముప్ఫై ఏళ్లు బడిలో భాష చెప్పాను. అచ్చుతప్పులు పదకొండు.

---

పూజ్యులు మొమోసె గారికి,

తమ మనసుకు ఒకవిధమైన అసౌకర్యం వంటిది కలిగి ఉండవచ్చునేమోనని మాకు తోచినట్లుగా ఉన్నది. రెండో ముద్రణలో టవరును నలభై అడుగులు దక్షిణానికి జరిపాము. తువ్వాలు జతచేశాము.

విధేయుడు,
ఇవాకిరి

---

ఇవాకిరి గారికి,

అంత పొడుగు వాక్యంలో "తప్పు" అన్న మాట లేదు. మీ కాపురం ఆ టవర్లో ఎన్నో అంతస్తు?

దక్షిణానికి జరిపితే మధ్యాహ్నం నీడ ఎక్కడ పడుతుంది? నా ముల్లంగుల మీద! పైగా అక్కడున్నది సోయా జున్ను అమ్మే తోఫు కొట్టు. ఆ ముసలాయన తానూ నవలకెక్కానని సందంతా ఎగురుతున్నాడు.

తగ్గని కోపంతో,
మొమోసె

తా.క. కంపెనీవాడు నెల నుంచి రావడం లేదు. నా నోటికి జడిశాడు. మీరూ జడవండి.

---

పూజ్యులు మొమోసె గారికి,

ముల్లంగుల క్షేమం కోరి, మూడో ముద్రణలో టవరును యానకా నుంచే తొలగించి, సముద్రం పూడ్చిన నేలలో నిలిపాము.

విధేయుడు,
ఇవాకిరి

---

ఇవాకిరి నాయనా,

ప్లమ్ పూలు విచ్చాయి, సంతోషం, సరే. ఆ టవరు వెంటనే వెనక్కి తెచ్చి పెట్టండి!

నిన్న కంపెనీవాడు మళ్లీ దిగాడు, ఈసారి తువ్వాలుతో సహా. "బామ్మగారూ, ఆ నవల వచ్చాక మీ సందు పేరెత్తితే కొనేవాడు లేకపోయాడు. అందరికీ ఆ నిప్పుగంటే గుర్తొచ్చేది. ఇప్పుడు టవరు సముద్రానికి పోయిందిగా, ఇక మొదలెడదాం" అన్నాడు. అంటే ఇన్నాళ్లూ వాణ్ణి ఆపింది నా నోరు కాదు, మీ పుస్తకం!

నాలుగో ముద్రణలో దాన్ని నా నడినెత్తిన కట్టండి. డెబ్భై చాలవు, ఎనభై అంతస్తులు. ఇంటి నంబరు కూడా వేయండి. మంట ఇంకాస్త పెంచండి. నీడ పడితే పడనీ, ముల్లంగులకి నేను నచ్చజెబుతాను.

కోపం మీ మీద కాదు,
మొమోసె షిజుయె

తా.క. ఈసారి కట్టిస్తున్నది నేను కాబట్టి, శ్రమ ఓర్చుకోమని తువ్వాలు పంపుతున్నాను. కొత్తదే. కంపెనీవాడిచ్చింది.