విమానాల మైదానంలో విధవ బొమ్మ

ఇంకొరొనాతా అక్కకు, నేను క్షేమం, కంగారుపడకు.

గోధుమచేల మీద ఇనుప రేకులు పరిచిన ఈ యుద్ధ విమానాల మైదానంలో నిన్న వెధవపని చేశాను. ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సు కాలంలో మన వీధిలో వేలాడదీస్తామే, నల్లబట్టల విధవ బొమ్మ, అలాంటిది చేసి, ఇక్కడి అమెరికా వాళ్లను ఆటపట్టిద్దామని స్తంభానికి కట్టాను. సాయంత్రం ఒక విమానం తిరిగి రాలేదు. దాన్ని నడిపిన పైలట్‌కి స్నేహితుడొకడు, అమెరికా వాడే అయినా తల్లిది మనవైపే, బొమ్మను చూసి, "ఈ ముసలమ్మ ఎవరికోసం ఏడుస్తోందయ్యా?" అని మన భాషలోనే అడిగాడు.

"చెప్పరా సవీనో, నీ నోరు ఊరుకోదుగా!" అన్నాడు మా కూలీల మేస్త్రీ రొక్కో.

నేను పోయి బొమ్మ కట్లు విప్పాను.

మేక ఈనిందా? అమ్మకు దగ్గు తగ్గిందా? పిల్లలకు ముద్దులు. ఆ పోయిన పైలట్ కోసం ఫాదరుగారిచేత పూజ చేయించు. అతని పేరేమిటని ఫాదరుగారు అడిగితే, వాళ్లను అడగడానికి నాకు మొహం చెల్లలేదని చెప్పు.

నీ తమ్ముడు