నా ప్రశ్నకు జవాబొచ్చింది

బిడ్డా లావణ్యా,

సూర్యాపేట దవాఖానలో నువ్వు కన్నుమూసి ఇవాళ్టికి మూడు నెలలు. నీ ఫోన్ నా దగ్గరే ఉంది. నువ్వు వినే పాడ్‌కాస్ట్ శనివారం శనివారం వస్తూనే ఉంది. ధరలు, రాజకీయాలు, సినిమాలు అన్నీ నువ్వు విని, నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కన కూర్చుని మన మాటల్లో చెప్పేదానివి.

పోయిన పంటకు నేను నిన్ను ఎక్కిరించాను, గుర్తుందా? "గవన్నీ వింటవ్ గదా, వడ్లు మన కల్లంల ఉన్నప్పుడే ధర ఎందుకు పడిపోతదో జెప్పు" అన్నాను.

"వాళ్లనే అడిగి చెప్తనే అమ్మా, జర ఆగు" అన్నావు.

నిజంగానే అడిగావట. ఇవాళ కల్లంలో వడ్లు ఆరబోస్తూ నీ ఫోన్లో ఆ పాడ్‌కాస్ట్ వింటుంటే, "మిర్యాలగూడ నుంచి లావణ్య గారి ప్రశ్న" అన్నారు.

"ఏమైందక్కా, ఎండల గట్లనే నిలవడ్డవ్?" అంది పక్కింటి పద్మ.

"నా బిడ్డ పేరు సదివిండ్రే" అన్నాను.

పాడ్‌కాస్ట్ వాళ్లు, అందరి పంటా ఒక్కసారే వస్తుందని ఏదేదో చెప్పారు. చివరికి, "లావణ్య గారూ, మీ అమ్మగారికి చెప్పండి" అన్నారు.

నాకు సగమే అర్థమైంది బిడ్డా. ఇంటికొచ్చి పిండి కలిపి, పొయ్యి ముందు కూర్చున్నాను. మిగతా సగం చెప్పేదానివి నువ్వే కదా.

మీ అమ్మ